సొంత మెసేజింగ్ సర్వర్: ఓపెన్ ప్రమాణాలతో ఎంత దూరం వెళ్లొచ్చు?

శనివారం: లక్ష్యం

ముందు లక్ష్యం రాసి పెట్టుకుంటే తర్వాత పక్కదారి పట్టకుండా ఉంటాను. ఇంట్లో నలుగురం. ముగ్గురివి ఆండ్రాయిడ్ ఫోన్లు, తమ్ముడిది ఐఫోన్. మా మధ్య మెసేజ్‌లు, ఫొటోలు, ఒక గ్రూప్ చాట్, కుదిరితే కాల్స్ కూడా ప్రచురిత ప్రమాణాల మీదే నడవాలి. ఎవరికి నచ్చిన యాప్ వాళ్లు వాడుకోవాలి. సర్వర్ మా చేతిలో ఉండాలి. ఆ సర్వర్ సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే ఎవరి ఐడీ మారకుండా ఇంకోదానికి వెళ్లగలగాలి.

ఈ చివరి షరతే అసలు పరీక్ష. మెసేజ్‌లు, ఫొటోలు, కాల్స్ ఏ ఉచిత యాప్ అయినా ఏదో ఒక రూపంలో ఇస్తుంది. వదిలి వెళ్లే దారి మాత్రం ఇవ్వదు.

శనివారం సాయంత్రం: ఏది ఎంచుకోవాలి

ఎస్‌ఎంఎస్‌ని పరిశీలించకుండా కొట్టేయడం అన్యాయం. మొదటి ఎస్‌ఎంఎస్ 1992 డిసెంబర్ 3న బ్రిటన్‌లో వోడాఫోన్ నెట్‌వర్క్ మీద వెళ్లింది. ఇప్పటికీ ఏ ఫోన్ నుంచి ఏ ఫోన్‌కైనా, ఎవరు ఏ యాప్ వాడుతున్నారని అడగకుండా చేరేది అదొక్కటే. ఆండ్రాయిడ్‌లో ఎస్‌ఎంఎస్ యాప్ ఎవరైనా రాసుకోవచ్చు, వాడేవాళ్లు దాన్ని డీఫాల్ట్‌గా పెట్టుకోవచ్చు. ఈ మాట గుర్తుంచుకోవాలి, కాసేపట్లో పని పడుతుంది.

పరిమితులు తెలిసినవే. ఒక సందేశానికి 140 బైట్లు. ఇంగ్లీషులో 7 బిట్ల లెక్కన 160 అక్షరాలు పడతాయి. తెలుగులో రాయగానే యూనికోడ్‌కి మారి 70కి పడిపోతుంది. ఆ 70 కూడా కంటికి కనిపించే అక్షరాలు కావు. ‘నమస్కారం’ చూడ్డానికి నాలుగు అక్షరాలే అయినా పొల్లు, దీర్ఘం, సున్నా విడివిడిగా లెక్కకొచ్చి ఎనిమిది అవుతుంది. సందేశం ముక్కలైతే ఒక్కో ముక్కకి 67 మాత్రమే, మిగతా చోటు ముక్కల్ని మళ్లీ అతికించే హెడర్‌కి పోతుంది. విచిత్రమేమిటంటే మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ వారి 23.038 పత్రంలో తెలుగుకి ప్రత్యేక పట్టిక ఉంది. అది వాడితే తెలుగు కూడా 7 బిట్లలోనే సరిపోతుంది. నా ఫోన్‌లో రాసి చూశాను. కౌంటర్ 70 నుంచే మొదలైంది. ప్రమాణంలో రాసి ఉంది కాబట్టి ఫోన్‌లో ఉంటుందనుకోకూడదని ప్రాజెక్టు మొదట్లోనే తేలిపోయింది.

పైగా ఎస్‌ఎంఎస్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. ఆపరేటర్ చదవగలడు. కాబట్టి పక్కన పెట్టాను.

ఆదివారం: ఆర్‌సీఎస్ గోడ

కాగితం మీద ఇదే సరైన వారసుడు. ఎస్‌ఎంఎస్ స్థానంలోకి రావాలని మొబైల్ ఆపరేటర్ల సంఘం జీఎస్‌ఎంఏ తయారుచేసిన ప్రమాణం. అందరూ ఒకేలా అమలు చేయడానికి ‘యూనివర్సల్ ప్రొఫైల్’ను 2016 నవంబర్‌లో విడుదల చేశారు. ఆపిల్ 2024లో ఐఓఎస్ 18తో చేరింది. 2025లో వచ్చిన యూనివర్సల్ ప్రొఫైల్ 3.0లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ కూడా చేర్చారు. దానికి ఆధారం ఎంఎల్‌ఎస్. అది ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 2023లో ఆర్‌ఎఫ్‌సీ 9420గా ప్రచురించిన ఎన్‌క్రిప్షన్ ప్రోటోకాల్. ఆర్‌ఎఫ్‌సీ అంటే ఆ సంస్థ ప్రచురించే పత్రం. పత్రాలన్నీ దించుకుని చదువుకోవచ్చు. ఇంతకన్నా ఓపెన్ ఏం కావాలి అనిపిస్తుంది.

సరే, చదివాను. ఇక మా నలుగురికి ఒక చిన్న ఆర్‌సీఎస్ యాప్ రాసుకోవచ్చా? ఆండ్రాయిడ్‌లో ఎస్‌ఎంఎస్‌కి ఉన్నట్టు బయటి యాప్‌లకి ఆర్‌సీఎస్ ఏపీఐ, అంటే దాన్ని వాడుకునే దారి, లేదు. పోనీ సర్వర్ పెట్టుకోవచ్చా? దానికి ఆపరేటర్ అయి ఉండాలి, లేదా ఆపరేటర్ తరఫున నడిపే సంస్థ అయి ఉండాలి. గూగుల్ 2015లో కొన్న జైబ్ అలా నడిపే వేదికే. ఎంతోమంది ఆపరేటర్లు తమ సొంత సర్వర్ పెట్టకుండా దాని మీదే ఆధారపడ్డారు. ఐడీ ఏమో ఫోన్ నంబర్. అది ఎప్పుడూ ఆపరేటర్ చేతిలోదే.

ఆర్‌సీఎస్ వల్ల ఉపయోగం లేదని నేననడం లేదు. ఐఫోన్‌కి ఆండ్రాయిడ్ నుంచి వెళ్లే వీడియో నలిగిపోకుండా చేరడం, టైప్ చేస్తున్నట్టు కనిపించడం కోట్లమందికి రోజూ ఉపయోగపడేవే. కానీ అది కంపెనీల మధ్య ఓపెన్, వాడేవాళ్లకి కాదు. పెద్దవాళ్లు కూర్చుని కుదుర్చుకున్న ఒప్పందంలో మనం అతిథులం. నా నాలుగో షరతుకి అక్కడ చోటే లేదు.

మ్యాట్రిక్స్ అనే ఇంకో ఓపెన్ మెసేజింగ్ ప్రోటోకాల్ గురించి త్వరగా రాసేస్తాను. 2014లో మొదలైంది, ఫెడరేషన్ (వేర్వేరు సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం) ఉంది, ప్రమాణం నిజంగానే ఓపెన్. అయితే ఒక గదిలో ఉన్న ప్రతి సర్వరూ ఆ గది చరిత్రను, స్థితిని తన దగ్గర కాపీగా ఉంచుకుంటుంది. బయటి పెద్ద గదుల్లో చేరితే చిన్న మెషిన్ మీద డేటాబేస్ ఉబ్బుతుంది. నా దగ్గరున్నది ఒక గిగాబైట్ మెమరీ ఉన్న అద్దె వర్చువల్ సర్వర్. నిర్ణయం అదే చేసేసింది. ఎక్స్‌ఎంపీపీ అనే పాత ఓపెన్ మెసేజింగ్ ప్రోటోకాల్.

ఆదివారం రాత్రి: పాత కథ ఒకటి

ఎక్స్‌ఎంపీపీ అంటే పాతకాపులకి ‘జాబర్’. జెరెమీ మిల్లర్ 1998లో మొదలుపెట్టి 1999 జనవరిలో బయటపెట్టాడు. ఐఈటీఎఫ్ 2004లో ఆర్‌ఎఫ్‌సీగా తీసుకుంది, 2011లో తిరగరాసింది. ఇప్పుడు చదవాల్సినవి 6120, 6121.

దీన్ని ఎంచుకునే ముందు ఒక విషయం కళ్లు తెరుచుకుని చూడాలి. గూగుల్ టాక్ 2005లో ఇదే ప్రోటోకాల్ మీద వచ్చింది. 2006 జనవరిలో బయటి సర్వర్లకి తలుపు తెరిచింది. అంటే సొంత సర్వర్ నుంచి జీమెయిల్‌లో ఉన్నవాళ్లతో నేరుగా మాట్లాడొచ్చన్నమాట. 2013లో దాని స్థానంలో హ్యాంగవుట్స్ వచ్చింది, అందులో ఆ తలుపు లేదు. ఫేస్‌బుక్ చాట్ 2010లో ఎక్స్‌ఎంపీపీ యాప్‌లను అనుమతించింది, ఐదేళ్ల తర్వాత తీసేసింది. వాట్సాప్ అయితే పుట్టిందే ఈజాబర్డీ అనే ఎక్స్‌ఎంపీపీ సర్వర్ మీద. దాన్ని తన అవసరానికి తగ్గట్టు మార్చేసుకుని, బయటివాళ్లకి దారి పెట్టకుండానే పెరిగింది.

ఓపెన్ ప్రమాణానికి దీన్నుంచి రక్షణ లేదు. ఎవరైనా వాడుకోవచ్చు అన్నప్పుడు, వాడుకుని తలుపు వేసుకోవచ్చు అని కూడా అందులోనే ఉంది. కానీ ఇక్కడ ఒక తేడా ఉంది. గూగుల్ వెళ్లిపోయినా ప్రోటోకాల్ చావలేదు. మిగతా సర్వర్లు మర్నాడు కూడా ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. హ్యాంగవుట్స్‌ని గూగుల్ మూసేసినప్పుడు మాత్రం మిగలడానికి ఏమీ లేదు.

మంగళవారం: సర్వర్ లేచింది

ప్రోసడీ పెట్టాను. లువా భాషలో రాసిన చిన్న సర్వర్, ఒక్కటే కాన్ఫిగ్ ఫైలు. డొమైన్, డీఎన్‌ఎస్‌లో సర్వర్ ఎక్కడుందో చెప్పే రెండు ఎస్‌ఆర్‌వీ రికార్డులు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్, ఫైర్‌వాల్‌లో యాప్‌ల కోసం 5222, సర్వర్ల మధ్య మాటకి 5269 పోర్టులు. ఈ భాగం మీద రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ప్రోసడీలో ఉన్న చెక్ కమాండ్ డీఎన్‌ఎస్, సర్టిఫికెట్లు, కాన్ఫిగ్ అన్నీ చూసి ఎక్కడ లోపం ఉందో మామూలు వాక్యాల్లో చెబుతుంది. అన్ని సర్వర్ సాఫ్ట్‌వేర్లూ ఇలా ఉంటే ఎంత బాగుండు.

ఐడీలు ఈమెయిల్ లాగే ఉంటాయి, పేరు తర్వాత డొమైన్. ఫోన్ నంబర్ అక్కర్లేదు. ఆహ్వానం లింకు పంపితే దాని మీద నొక్కి పాస్‌వర్డ్ పెట్టుకోవడమే. అమ్మకి నేను పక్కన లేకుండానే ఖాతా తయారైంది. సరదాపడ్డాను, కానీ ఇక్కడే ఓపెన్ పద్ధతి ఎందుకు ఓడిపోతుందో కూడా కనిపించింది. నంబర్ ఐడీ అయిన యాప్‌లో ఫోన్‌బుక్ చదివి ఎవరెవరు ఉన్నారో క్షణంలో చూపిస్తారు. ఇక్కడ కాంటాక్టుల జాబితా ఖాళీగా మొదలవుతుంది. ఎవరి ఐడీ ఏమిటో అడిగి తెలుసుకోవాలి. గోప్యతకి మంచిది, వ్యాప్తికి కాదు.

బుధవారం: ఎక్స్‌ఈపీల అడవి

ఆర్‌ఎఫ్‌సీలు ఇచ్చేది పునాది మాత్రమే. లాగిన్, కాంటాక్టులు, ఒకరి నుంచి ఒకరికి సందేశం. 1999లో మెసెంజర్ అంటే డెస్క్‌టాప్ ముందు కూర్చున్న మనిషి, కంప్యూటర్ ఆపితే ఆఫ్‌లైన్. ఇవాళ్టి అవసరాలన్నీ తర్వాత పొడిగింపులుగా వచ్చాయి. వాటినే ఎక్స్‌ఈపీలు అంటారు, వందల్లో ఉన్నాయి. ఏవి తప్పనిసరో తేల్చుకోవడం నిజమైన పని.

నేను ఆన్ చేసినవాటిలో మూడు లేకపోతే మొబైల్‌లో అసలు బతకలేం. 0280 నంబరు ఎక్స్‌ఈపీ వల్ల ఫోన్‌లో పంపిన మెసేజ్ ల్యాప్‌టాప్‌లోనూ కనిపిస్తుంది. 0313 సర్వర్‌లో ఆర్కైవ్ ఉంచుతుంది, కొత్తగా ఆన్‌లైన్‌కి వచ్చిన పరికరం తాను మిస్సైన భాగాన్ని అడిగి తెచ్చుకుంటుంది. మూడోది 0198. వైఫై నుంచి మొబైల్ డేటాకి మారేటప్పుడు కనెక్షన్ తెగుతుంది. ఆ క్షణంలో గాల్లో ఉన్న మెసేజ్ పోయిందో చేరిందో ఎవరికీ తెలియదు. 0198 రెండు వైపులా లెక్క పెట్టిస్తుంది: నాకు ఇన్ని అందాయి, నువ్వు ఎన్ని పంపావు? మళ్లీ కలిసినప్పుడు తేడా వచ్చినవే తిరిగి పంపుతారు. చాలా చిన్న ఆలోచన, కానీ మొబైల్‌లో ఎక్స్‌ఎంపీపీని నిలబెట్టింది నా దృష్టిలో ఇదే.

సిగ్నల్ మెసేజింగ్ యాప్ స్థాపకుడు మాక్సీ మార్లిన్‌స్పైక్ 2016లో ఫెడరేషన్ మీద గట్టి విమర్శ చేశాడు. అందరూ ఒప్పుకుంటే తప్ప ఫెడరేటెడ్ ప్రోటోకాల్ కదలదు, కేంద్రీకృతమైన యాప్ అయితే ఒక్క అప్‌డేట్‌తో అందరినీ ముందుకి తీసుకెళ్తుంది అని. ఎక్స్‌ఈపీల జాబితా ముందు కూర్చున్నప్పుడు ఆ మాటలో బలం తెలుస్తుంది. ఎన్‌క్రిప్షన్‌నే తీసుకోండి. ఎక్స్‌ఎంపీపీలో దానికి వాడేది ఓమీమో, ఎక్స్‌ఈపీ 0384. సిగ్నల్ వాడే డబుల్ రాచెట్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి మీదే కట్టారు. దాని కొత్త వెర్షన్ పత్రం ఎప్పుడో వచ్చింది. అయినా ఎక్కువ యాప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది పాత వెర్షన్‌లోనే, ఎందుకంటే అవతలివాడి యాప్‌లో ఉన్నది అదే. ఒకే కంపెనీ అయితే ఒక రాత్రిలో మార్చేసేది. మాక్సీ వాదనలో నేను ఒప్పుకోని భాగం ఒకటుంది. ఆ ఒక్క అప్‌డేట్‌తో ముందుకి తీసుకెళ్లగలిగిన చెయ్యి వెనక్కీ తీసుకెళ్లగలదు. హ్యాంగవుట్స్ కథ అదే కదా.

శుక్రవారం: “అక్కా, మెసేజ్ రాలేదు”

ఈ వారంలో ఎక్కువ సమయం తిన్నది ఇదే. తమ్ముడు ఐఫోన్‌లో మోనాల్ అనే ఎక్స్‌ఎంపీపీ యాప్ వేసుకున్నాడు. యాప్ తెరిచి ఉంచితే అన్నీ వస్తున్నాయి. జేబులో పెట్టుకుంటే నిశ్శబ్దం. తెరవగానే గంట నాటి మెసేజ్‌లు కట్టగా వచ్చి పడుతున్నాయి. “అక్కా, ఇది మెసెంజరా, పోస్టాఫీసా?” అని వాడి ప్రశ్న.

ఐఓఎస్‌లో యాప్ వెనక్కి వెళ్లగానే దాని నెట్‌వర్క్ కనెక్షన్ ఎక్కువసేపు ఉండనివ్వరు. బ్యాటరీ కోసం. బయటి నుంచి యాప్‌ని లేపగలిగేది ఆపిల్ పుష్ సర్వీసు మాత్రమే. ఆ సర్వీసుకి కబురు పంపే హక్కు యాప్ తయారుచేసినవాళ్ల సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే. నా సర్వర్‌కి ఆ హక్కు లేదు, ఎప్పటికీ రాదు. అందుకని 0357 అనే ఎక్స్‌ఈపీ ఒక చుట్టుదారి పెట్టింది. నా సర్వర్ మోనాల్ వాళ్ల పుష్ సర్వర్‌కి చెబుతుంది, అది ఆపిల్‌కి చెబుతుంది, ఆపిల్ ఫోన్‌ని తడుతుంది, యాప్ లేచి మళ్లీ నా సర్వర్‌కి వచ్చి మెసేజ్ తీసుకుంటుంది. ఆ తట్టులో సందేశం పాఠం పెట్టనక్కర్లేదు, ‘ఏదో వచ్చింది’ అన్న సంకేతం చాలు.

ప్రోసడీలో క్లౌడ్ నోటిఫై మాడ్యూల్ పెట్టాక సగం దారికొచ్చింది. మామూలు మెసేజ్‌లకి మోగుతోంది, ఎన్‌క్రిప్ట్ చేసినవాటికి మోగడం లేదు. లోపల ఏముందో సర్వర్‌కి తెలియదు కదా, అది ముఖ్యమైన సందేశమో ‘టైప్ చేస్తున్నారు’ లాంటి గోలో అది తేల్చుకోలేకపోయింది. ఎన్‌క్రిప్ట్ అయిన సందేశాలను కూడా ముఖ్యమైనవిగా ఎంచే అదనపు మాడ్యూల్ ఒకటి సముదాయం దగ్గర దొరికింది. అది వేశాక వాడి ఫోన్ మోగింది. వాడి నుంచి బొటనవేలు ఎమోజీ ఒకటి వచ్చింది, పెద్ద ప్రశంస లెక్క.

ఆండ్రాయిడ్‌లో కథ వేరు. ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్ నుంచి వేసిన కాన్వర్సేషన్స్ యాప్ ఎవరి పుష్ సర్వీసూ లేకుండా తన కనెక్షన్ తనే పట్టుకుని ఉంటుంది. నా ఫోన్‌లో రోజంతా ఉన్నా బ్యాటరీ పట్టికలో పైకి రాలేదు. స్క్రీన్ ఆరగానే యాప్ ‘నేను నిద్రలో ఉన్నాను’ అని 0352 ద్వారా సర్వర్‌కి చెబుతుంది. అప్పటి నుంచి సర్వర్ చిల్లర కబుర్లన్నీ దాచి, అసలు మెసేజ్ వచ్చినప్పుడే కదిలిస్తుంది. అమ్మ ఫోన్‌లో మాత్రం తయారీదారు పెట్టిన బ్యాటరీ సేవర్ యాప్‌ని చంపేస్తోంది. సెట్టింగ్స్‌లో ఈ యాప్‌కి మినహాయింపు ఇవ్వాలి. ఆ మెనూ కనుక్కోవడానికి నాకే చాలాసేపు పట్టింది. ఫోన్‌లో ముందే వచ్చిన పెద్ద యాప్‌లకి ఆ మినహాయింపు ముందే ఇచ్చి ఉంది.

నేను ఆర్‌ఎఫ్‌సీలు చదువుతూ ప్రోటోకాల్ ఓపెనా కాదా అని చూస్తున్నాను. కానీ మెసేజ్ ఫోన్ దాకా వచ్చాక, జేబులోని ఫోన్‌ని మోగించే చివరి అడుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ది. ఏ ఆర్‌ఎఫ్‌సీ దాన్ని తాకలేదు. ఆండ్రాయిడ్‌లో యూనిఫైడ్‌పుష్ అనే ఓపెన్ ప్రమాణం ఆ అడుగును కూడా విడదీయడానికి ప్రయత్నిస్తోంది. ఐఓఎస్‌లో దానికి చోటు లేదు.

ఆదివారం: చిన్న చిన్నవి

ఆఫీసు వైఫైలో 5222 పోర్టు మూసేశారు. వెబ్‌సైట్లు వాడే 443 పోర్టు మీద నేరుగా టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్ట్ చేసిన కనెక్షన్)తో కలిసే పద్ధతి 0368లో ఉంది. ఇంకో ఎస్‌ఆర్‌వీ రికార్డు పెట్టాను, కాన్వర్సేషన్స్ దాన్ని తనంతట తనే పట్టుకుంది.

ఫ్యామిలీ గ్రూప్‌లో ఓమీమో పనిచేయాలంటే గది సభ్యులకే పరిమితమై ఉండాలి, సభ్యుల అసలు ఐడీలు ఒకరికొకరికి కనిపించాలి. ఎవరి తాళాలకి ఎన్‌క్రిప్ట్ చేయాలో యాప్‌కి తెలియాలి కదా. యాప్‌లో ‘ప్రైవేట్ గ్రూప్’ ఎంచుకుంటే అదే అమర్చుతుంది.

కాల్స్‌కి కోటర్న్ అనే రిలే సర్వర్ పెట్టాను. మొబైల్ డేటా మీద కూడా మాట స్పష్టంగా ఉంది. వీడియో పరవాలేదు.

ఒక ఫ్రెండ్ వేరే చోట, వేరే సాఫ్ట్‌వేర్‌తో సర్వర్ నడుపుతున్నాడు. వాడి ఐడీ చేర్చుకున్నాను, మెసేజ్ పంపాను, చేరింది. ఇద్దరం ఏ ఒప్పందం రాసుకోలేదు, ఎవరి అనుమతీ అడగలేదు. యూరప్‌లో డిజిటల్ మార్కెట్స్ చట్టం కింద 2024 మార్చి నుంచి వాట్సాప్, మెసెంజర్ బయటి సర్వీసులకి దారి ఇవ్వాల్సి వస్తోంది. అక్కడ పద్ధతి వేరు. చేరాలనుకున్న సంస్థ మెటాకి దరఖాస్తు పెట్టి, ఒప్పందం చేసుకుని, ఎన్‌క్రిప్షన్ షరతులు నెరవేర్చాలి. చట్టం తలుపు తెరిపించింది, తాళంచెవి మాత్రం ఇంటివాళ్ల దగ్గరే ఉంది. నా ఫ్రెండ్ లాంటి ఒక్క మనిషి సర్వర్ అందులోంచి లోపలికి వెళ్తుందనుకోను.

శనివారం: వదిలి వెళ్లే పరీక్ష

ఇక నాలుగో షరతు. ప్రోసడీతో నాకు ఏ గొడవా లేదు, అయినా దాన్ని వదిలేస్తున్నట్టు నటించాలి. ఇంకో మెషిన్ మీద ఈజాబర్డీ పెట్టాను. ఎర్లాంగ్‌లో రాసింది, ప్రోసడీతో కోడ్ పరంగా ఏ చుట్టరికమూ లేదు. దానిలో ప్రోసడీ డేటాని తీసుకునే కమాండ్ ఉంది. ప్రోసడీ ఆపి, దాని డేటా ఫోల్డర్‌ని కొత్త మెషిన్‌కి కాపీ చేసి, కమాండ్ నడిపి, డీఎన్‌ఎస్ రికార్డుల్ని అటు తిప్పాను. ఇంట్లో ఎవరికీ ముందుగా చెప్పలేదు.

ఖాతాలు వచ్చాయి. పాస్‌వర్డ్‌లు హ్యాష్‌లుగానే (వెనక్కి చదవలేని రూపంలోనే) వచ్చినా లాగిన్ పనిచేసింది, ఎందుకంటే స్క్రామ్ అనే ఆ పద్ధతి కూడా ప్రమాణమే. కాంటాక్టుల జాబితా వచ్చింది. ఫోన్లలో ఉన్న పాత చాట్ ఫోన్లలోనే ఉంది. సర్వర్‌లోని ఆర్కైవ్ రాలేదు, ఆ కమాండ్ దాన్ని ముట్టుకోదు. పాత ఫొటోల లింకులు కూడా, అప్‌లోడ్ ఫోల్డర్ విడిగా అమర్చేదాకా, పనిచేయలేదు.

తమ్ముడి ఐఫోన్ ఒకసారి మోగడం మానేసి, యాప్ తెరిచాక పుష్‌కి తనే మళ్లీ నమోదు చేసుకుంది. అమ్మ ఏమీ గమనించలేదు. సాయంత్రం గ్రూప్‌లో ఫొటో పెట్టింది, కొత్త సర్వర్ మీదుగానే అందరికీ చేరింది.

మిగిలిన పనులు: ఆర్కైవ్ మార్చే దారి వెతకాలి. సర్వర్ల మధ్య డేటా మార్పిడికి 0227 ఉంది, అది ఎంతవరకు మోస్తుందో చూడాలి. అమ్మ ఫోన్ మార్చబోతోంది. ఓమీమోలో కొత్త పరికరానికి పాత సందేశాలు చదివే తాళం ఉండదు, అందుకని కాన్వర్సేషన్స్ బ్యాకప్ ఫైలు ముందే తీసి పెట్టాలి. ఏ సర్వర్ ఉంచాలో ఇంకా తేల్చలేదు. ప్రస్తుతానికి ఈజాబర్డీనే నడుస్తోంది.